ఇంట పాము

ఇంట పాము కానవచ్చినంతనే కఱ్ఱకై పరుగిడుట మన వాడుక. కొట్టబోయి కాటు తిన్నవారెందఱో! దూరముగ నిలిచి, పిల్లలను తొలగించి, దానిపై చూపు నిలిపి, పట్ట నేర్చినవానిని పిలిపించుట మేలు.

2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన చెప్పుచున్నది. నేలపై నిద్రించువానిని రాత్రివేళ కట్లపాము కఱచిన నొప్పియు నంతగా నుండదు. మంత్రగాని వాకిట గడచిన గడియలే ప్రాణము దీయును.

మనము చులకన చేసిన ఇరుళులు 1978లో చెన్నపురి చెంత సహకారసంఘముగా నేర్పడి, పాములను పట్టి, విషము దీసి, మరల విడుచుచున్నారు. విరుగుడు మందు ఆ విషమునుండియే పుట్టుచున్నది. ఆ మందు మన ఆరోగ్యకేంద్రమున నున్నదా? ఎన్ని సీసాలు? వానలకు ముందే పఠనమందిర సభ్యులు పోయి విచారింతురు గాక.