ఇరవై నాలుగు గంటల నొప్పి: ఆపరేషన్‌కు ముందూ, తర్వాతా

ఇంట్లో ఎవరైనా కడుపు నొప్పి అనగానే మనం ముందుగా తీసేది పోపుల డబ్బానే. కాస్త వాము నమలమంటాం. మజ్జిగలో చిటికెడు ఇంగువ కలిపి ఇస్తాం. అజీర్తి అయినా, గ్యాస్ అయినా వాటితోనే సర్దుకుంటుంది. అందులో తప్పేమీ లేదు. కానీ పోపుల డబ్బాకి లొంగని నొప్పి ఒకటుంది. దాన్ని మన వైపు "ఇరవై నాలుగు గంటల నొప్పి" అంటారు. డాక్టర్లు అపెండిసైటిస్ అంటారు.

ఈ పేరు విని, ఒక్క రోజు ఓర్చుకుంటే అదే పోతుంది కాబోలు అనుకునేవాళ్ళున్నారు. అలా అనుకోకండి. ఒక రోజు గడవకముందే డాక్టరు దగ్గర వుండాలని ఆ పేరు హెచ్చరిస్తోందని అనుకోండి. ఆపరేషన్ అనే మాటకి మనం భయపడతాం గానీ, ఈ జబ్బులో ఎక్కువ ప్రమాదం తెచ్చేది ఆలస్యమే. ఈ వారం ఆ సంగతులే చెప్పుకుందాం.

అసలు లోపల ఏమవుతుంది?

పొట్టలో కుడివైపు కింద, పెద్దపేగు మొదలయ్యే చోట, చిటికెన వేలులాంటి చిన్న తోక ఒకటి వేలాడుతూ వుంటుంది. అదే అపెండిక్స్. గట్టిపడిన మలం ముక్క అడ్డుపడటం వల్లనో, లోపల వాపు వల్లనో దాని నోరు మూసుకుపోతే, లోపల ఊరే ద్రవం బయటికి రాలేదు. క్రిములు పెరుగుతాయి. తోక ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ దానికి రక్తం అందక గోడ కుళ్ళిపోయి చివరికి చిల్లు పడుతుంది. ఆవిరి పోయే దారి మూసుకుపోయిన కుక్కర్ని పొయ్యి మీద వదిలేస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా!

చాలామందిలో ఈ నొప్పికి ఒక వరస వుంటుంది. మొదట బొడ్డు చుట్టూ నొప్పి. అన్నం పేరెత్తితేనే వెగటు. వికారం, ఒకటి రెండు వాంతులు. కొన్ని గంటల్లో నొప్పి కుడివైపు కిందకి దిగుతుంది. కొద్దిపాటి జ్వరం వస్తుంది. దగ్గినా, నాలుగు అడుగులు వేసినా, ఆటోలో చిన్న కుదుపు వచ్చినా ప్రాణం విలవిల్లాడుతుంది. బొడ్డుకీ, కుడి తుంటి ఎముక ముందు మొనకీ మధ్య గీత గీసినట్టు అనుకుంటే, ఎముక వైపు నుంచి మూడోవంతు దూరంలో నొక్కితే నొప్పి ఎక్కువగా వుంటుంది. 1889లో న్యూయార్క్ డాక్టర్ చార్లెస్ మెక్‌బర్నీ ఈ గుర్తు చెప్పారు. ఇప్పటికీ డాక్టర్లు అక్కడే నొక్కి చూస్తారు. మనం మాత్రం ఇంట్లో పదేపదే నొక్కి పరీక్షలు చేయకూడదు.

ఆలస్యమైతే వచ్చే చిక్కులు

నొప్పి మొదలై ఒకటిన్నర రోజు, రెండు రోజులు దాటినకొద్దీ చిల్లు పడే ప్రమాదం పెరుగుతుంది. పసిపిల్లల్లో ఇంకా తొందరగా కూడా పడవచ్చు. చిల్లు పడితే చీము, మలం పొట్టంతా పాకుతాయి. పొట్ట చెక్కలాగా బిగుసుకుంటుంది. దీన్ని పెరిటోనైటిస్ అంటారు. ఇది ప్రాణం మీదకి వచ్చే పరిస్థితి.

కొందరిలో శరీరమే జాగ్రత్తపడి, చుట్టుపక్కల పేగులూ కొవ్వు పొరా వచ్చి అపెండిక్స్‌ని చుట్టేస్తాయి. మూడు నాలుగు రోజులకి కుడివైపు గడ్డలా చేతికి తగులుతుంది. అప్పుడు డాక్టర్లు వెంటనే కొయ్యకుండా, ముందు సెలైన్, యాంటీబయాటిక్స్‌తో వాపు తగ్గిస్తారు. చీము చేరితే గొట్టం పెట్టి తీసేస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఆపరేషన్ సంగతి చూద్దామంటారు. నొప్పి తగ్గింది కదా అని చాలామంది ఆ రెండోసారి వెళ్ళటమే మానేస్తారు. అది మంచిది కాదు. నలభై దాటినవాళ్ళయితే ఆ గడ్డ వెనక మరేదైనా జబ్బు వుందేమోనని పరీక్ష కూడా చేస్తారు. తప్పకుండా వెళ్ళాలి.

పని వుందని నొప్పిని వాయిదా వేయటం మన ఒక్కరి అలవాటే కాదండోయ్. మన దేశానికి కూడా చక్రవర్తిగా వున్న ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం 1902 జూన్ 26న జరగవలసి వుంది. కడుపు నొప్పి వస్తున్నా ఆయన వేడుక ఆపటానికి ఒప్పుకోలేదు. చివరికి జూన్ 24న డాక్టర్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ ఆపరేషన్ చేసి చీము తీశాక బతికి బయటపడ్డారు. పట్టాభిషేకం ఆగస్టు 9న జరిగింది. పేరుమోసిన ఇంద్రజాలికుడు హుడినీకి అంత అదృష్టం లేదు. 1926 అక్టోబరులో అమెరికాలోని డెట్రాయిట్‌లో, ఒళ్ళు కాలిపోయే జ్వరంతోనే ప్రదర్శన ఇచ్చాడు. అపెండిక్స్ పగిలి, అక్టోబరు 31న కన్నుమూశాడు. పట్టాభిషేకాలే ఆగుతాయి. మన పిండివంటలు ఆగవా?

నొప్పి ఒక్కసారిగా తగ్గితే?

పిండివంటలంటే గుర్తొచ్చింది. ఒక సంక్రాంతికి మా తోడికోడలికి భోగి ముందు రోజు సాయంత్రం బొడ్డు దగ్గర నొప్పి మొదలైంది. అరిసెల పాకం పొయ్యి మీద వుంది. వాము నమిలింది, ఆముదం తాగింది, రాత్రంతా వేడినీళ్ళ బ్యాగు పెట్టుకుని పడుకుంది. రెండు వాంతులయ్యాయి. ఎవరికీ చెప్పలేదు. భోగి నాటి మధ్యాహ్నం వున్నట్టుండి నొప్పి తగ్గిపోయింది. "హమ్మయ్య" అని లేచి మిగిలిన అరిసెలు కూడా వత్తింది. రాత్రికి వణుకుతో జ్వరం, పొట్ట రాయిలా అయిపోయింది. ఆపరేషన్‌లో తేలింది, అపెండిక్స్ పగిలిపోయిందని. ఉబ్బిన తోక పగలగానే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అందుకే కాసేపు నొప్పి తగ్గినట్టు వుంటుంది. ఆ సుఖం చూసి మోసపోకూడదు.

ఆమె పదకొండు రోజులు ఆసుపత్రిలో వుండి వచ్చింది. ఇంటికొచ్చిన నాలుగో రోజు మళ్ళీ జ్వరం, జిగటగా విరేచనాలు. ఏదో పడలేదులే అని అందరూ మెంతులూ పెరుగూ పెట్టారు. రెండో రోజుకీ తగ్గకపోతే స్కానింగ్ తీశారు. పొత్తికడుపు అడుగున చీము చేరింది. దాన్ని తీయించాక గానీ మనిషి కోలుకోలేదు. ఇప్పుడు బాగుంది. కానీ ఒక్క రోజు ఆలస్యం రెండు నెలలు మంచం మీద వుంచింది.

ఎవరి విషయంలో ఎక్కువ జాగ్రత్త?

ఆడపిల్లలకి పొత్తికడుపులో నొప్పి వస్తే నెలసరి నొప్పి అని వదిలేస్తాం. ప్రతి నెలా వచ్చే నొప్పిలా లేకపోతే వెంటనే చూపించండి. అండాశయంలో నీటిబుడగ మెలిపడినా, గర్భం గొట్టంలో నిలిచినా కూడా ఇక్కడే నొప్పి వస్తుంది. అవీ ఆలస్యం చేయకూడనివే. అందుకే డాక్టరు నెలసరి తేదీ అడుగుతారు, గర్భం పరీక్ష రాస్తారు. నామోషీ పడకుండా నిజం చెప్పాలి.

గర్భిణుల్లో బిడ్డ పెరిగినకొద్దీ నొప్పి మామూలు చోటుకంటే పైన రావచ్చు. చిల్లు పడితే కడుపులో బిడ్డకీ ప్రమాదమే. పసిపిల్లలు ఎక్కడ నొప్పో చెప్పలేరు. వంగి నడుస్తున్నా, ఆటలు మాని ముడుచుకుని పడుకున్నా అనుమానించాలి. ముసలివాళ్ళలో నొప్పీ జ్వరమూ తక్కువగానే కనిపిస్తాయి. లోపల మాత్రం ముదిరిపోతుంది.

ఇలాంటి అనుమానం వుంటే ఆముదం, విరేచనం మందు, ఎనిమా ఇవ్వకండి. కాపడం పెట్టకండి. మందుల షాపులో నొప్పి బిళ్ళ కొని వేసి కూర్చోకండి. కాఫీ, జావ కూడా పట్టకండి. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా వుండాలి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. వాడుతున్న మందుల చీటీ, ఆరోగ్య పథకం కార్డు వెంట వుంచుకోండి.

"కొయ్యకుండా మందులతో తగ్గదా?" అని అడుగుతారు. చిల్లు పడని కొందరికి డాక్టర్లు యాంటీబయాటిక్స్‌తోనే చూస్తున్నారు. కానీ ఫిన్లండ్ డాక్టర్లు 2018లో చెప్పిన లెక్క ప్రకారం, అలా చేసిన 100 మందిలో సుమారు 39 మందికి అయిదేళ్ళలోపు ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఎవరికి ఏది మంచిదో డాక్టరే తేల్చాలి.

ఆపరేషన్ అయ్యాక

ముందుగా పథ్యం సంగతి. పప్పు తింటే కుట్లు చీము పడతాయని మన ఇళ్ళల్లో నెల రోజులు చారన్నంతోనే సరిపెడతారు. చీము పట్టేది క్రిముల వల్ల, కందిపప్పు వల్ల కాదు. పుండు మానటానికి మాంసకృత్తులు కావాలి. డాక్టరు తినమన్నాక జావ, ఇడ్లీతో మొదలుపెట్టి, మెత్తటి పెసరపప్పు, పెరుగన్నం, తినేవాళ్ళకి ఉడికించిన గుడ్డు పెట్టండి. మలబద్ధకం రాకుండా బీరకాయ, సొరకాయ కూరలు, అరటిపండు, మంచినీళ్ళు బాగా ఇవ్వండి.

మంచం మీదే వుంచకండి. డాక్టరు చెప్పగానే, చాలాసార్లు మర్నాడే, నెమ్మదిగా నడిపించాలి. నడిస్తే పేగులు కదులుతాయి, కాళ్ళలో రక్తం గడ్డకట్టదు. దగ్గు వస్తే పొట్టకి దిండు అదిమి పట్టుకోమనండి. నీళ్ళ బిందె, గ్యాస్ సిలిండర్ లాంటి బరువులు, పొట్ట కోసి చేసిన ఆపరేషన్ అయితే నాలుగు నుంచి ఆరు వారాలు ఎత్తకూడదు. లేకపోతే కుట్టు దగ్గర హెర్నియా రావచ్చు. చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ అయితే తొందరగా కోలుకుంటారు. అయినా డాక్టరునడిగే పనుల్లోకి దిగాలి.

ఈ కిందివి కనిపిస్తే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

1. కుట్టు చుట్టూ ఎర్రబడటం, వాపు, చీము కారటం. అన్నిటికంటే ఎక్కువగా వచ్చే చిక్కు ఇదే. సాధారణంగా నాలుగైదు రోజులకి బయటపడుతుంది. పసుపు అద్దకండి.

2. తగ్గిన జ్వరం వారం పది రోజుల్లో మళ్ళీ రావటం, జిగట విరేచనాలు, మాటిమాటికీ మూత్రం. లోపల చీము చేరిందేమో చూడాలి.

3. పొట్ట ఉబ్బటం, వాంతులు, గ్యాస్ కూడా పోకపోవటం. పేగులు ఒకదానికొకటి అతుక్కున్నా ఇలా అవుతుంది. ఇది ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. అప్పుడు పాత ఆపరేషన్ సంగతి డాక్టరుకి తప్పక చెప్పాలి.

4. ఒక కాలు పిక్కలో నొప్పి, వాపు, లేక ఆయాసం, ఛాతీలో నొప్పి.

తీసిన అపెండిక్స్‌ని పరీక్షకి పంపుతారు. ఆ రిపోర్టు అడిగి తీసుకుని, డిశ్చార్జి కాగితాలతో పాటు బీరువాలో దాచండి.

ఇంటిల్లిపాదికీ ఒళ్ళు వెచ్చబడితే కనిపెట్టేది మనమే. మన నొప్పిని మాత్రం అంట్లు తోమాక, బట్టలు ఆరేశాక చూసుకుందాంలే అంటాం. ఈ ఒక్క నొప్పికి ఆ లెక్క పనికిరాదు. గడియారం చూసి, నొప్పి ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఒకరికి చెప్పండి. గంటలు గడిచినా తగ్గక, నొప్పి కుడివైపుకి దిగితే పొయ్యి ఆర్పేసి బయల్దేరండి. కూర మాడినా ఫరవాలేదు. ఉంటానండీ, వచ్చే వారం కలుద్దాం.