దయ్యం పాట అంటే ఏ పాట?

ఈసారి గోడపత్రికకు పరీక్షల గురించి రాయమన్నారు గాని నేను దయ్యం సినిమాల సంగీతం గురించి రాస్తున్నాను. నవ్వేటోళ్ళు నవ్వండి, కాని చివరిదాకా చదవండి.

పోయిన నెల శనివారం టీవీలో అరుంధతి చూసిన కాడి నుండి మన దగ్గర రెండు సంగతులు జరుగుతున్నాయి. అయిదు, ఆరు తరగతుల పిల్లలు రాత్రిపూట బాత్రూంకు ఒక్కరు పోతలేరు. నలుగురు నలుగురు చేతులు పట్టుకొని పోతున్నారు. పెద్ద తరగతుల అన్నలు కొందరు లైట్లు ఆర్పినంక దుప్పట్ల కింది నుండి సినిమా రాగాలు తీస్తున్నారు. దాంతో ఇకమీద దయ్యం సినిమాలు బంద్ అన్నారు సార్. సార్ కోపం న్యాయమే. అయితే బంద్ చేయవలసింది సినిమాను కాదని నా అభిప్రాయం.

భయం బొమ్మలో లేదు, చప్పుడులో ఉంది. నకిరేకల్ నిమ్మ మార్కెట్‌కు పోయి చూడండి. బస్తాలకు బస్తాలు నిమ్మకాయలు. ఎవరన్నా జడుసుకుంటున్నారా? బేరం ఆడుతున్నారు. అదే నిమ్మకాయను సినిమాలో గడప ముందర ఒక్కదాన్ని పెట్టి, వెనక నుండి ఫిడేలు తీగ సన్నగ గీకితే మనం ముసుగు తన్నుతున్నాం. నిమ్మకాయ ఏం చేసింది పాపం! ఆ రోజు అరుంధతి నడుమ ఎవరో రిమోట్ మీద కూర్చుంటే సౌండ్ పోయింది గదా. పశుపతి చప్పుడు లేకుండ నోరు తెరుస్తుంటే గదంతా నవ్వినం. సౌండ్ రాంగనే నవ్వు ఆగిపోయింది. బొమ్మ అదే, మనుషులం మేమే.

సినిమావాళ్ళకు ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. 1960లో అమెరికాలో హిచ్‌కాక్ 'సైకో' తీసినప్పుడు స్నానాల గదిలో హత్యకు సంగీతమే వద్దనుకున్నాడు. సంగీతం చేసే బెర్నార్డ్ హెర్మన్ ఊరుకోలేదు. ఆ సినిమాకంతా తీగవాయిద్యాలు తప్ప ఇంకొకటి వాడని మనిషి, ఆ హత్యకు కూడా ఫిడేళ్ళనే కీచుమనిపించి వినిపించాడు. హిచ్‌కాక్ మనసు మార్చుకున్నాడు. మన తెలుగులో 1992లో రాంగోపాల్ వర్మ 'రాత్రి' తీశాడు. రేవతి ఉంటది, ఒక పిల్లి ఉంటది. దానికి నేపథ్య సంగీతం ఇచ్చింది మణిశర్మ. తర్వాత చిరంజీవి సినిమాలకు మనం ఎగిరి గంతులేసే పాటలు చేసింది కూడా ఆయనే. భయపెట్టే చేతికీ, ఆడించే చేతికీ తేడా లేదు.

అయితే నేను చెప్పదలచుకున్నది భయం ఒక్కటే కాదు. ఆ పాటల్లో కొన్ని చాలా అందంగా ఉంటాయి. 1949లో 'మహల్' అని హిందీ సినిమా వచ్చింది. పాత బంగళా, కనబడీ కనబడని ఆడమనిషి, ఆమె పాట. సంగీతం ఖేమ్‌చంద్ ప్రకాశ్, పాడింది లతా మంగేష్కర్. అప్పటికి ఆమెకు ఇరవై ఏండ్లు. గొంతు దూరం నుండి వస్తున్నట్టు ఉండాలని, మైకుకు దూరంగా నిలబెట్టి పాడుకుంటూ దగ్గరికి నడిపించారట. గ్రామఫోను రికార్డు మీద మొదట ఆమె పేరు కూడా వేయలేదు, సినిమాలోని కామిని పేరు వేశారు. వింటే ఒళ్ళు జలదరిస్తది, అయినా మళ్ళీ వినాలనిపిస్తది.

ఇప్పుడు అసలు సంగతి. చంద్రముఖి మనమందరం చూసినం. 1993లో మలయాళంలో వచ్చిన 'మణిచిత్రతాళ్' దాని మూలం. అందులో ఆవహించిన నర్తకి మలయాళం పాట పాడదు, తమిళంలో పాడుతుంది. 2004లో కన్నడంలో 'ఆప్తమిత్ర' అని తీసినప్పుడు ఆ నర్తకిని తెలుగామెను చేశారు. 2005లో తమిళంలో రజనీకాంత్‌తో తీసినప్పుడు కూడా తెలుగామెనే. ఆలోచించండి. మలయాళం వాళ్ళకు తమిళం, తమిళులకు తెలుగు! మనం సంతలో, బడిలో, బస్సులో మాట్లాడే తెలుగు అక్కడి థియేటర్‌లో దయ్యం గొంతయింది. మనం చూసిన తెలుగు డబ్బింగ్‌లో మాత్రం ఆ పాటను తమిళంలో పాడించారు. ఒకరి ఇంటిమాట పక్కింట్లో దయ్యంమాట అవుతుందన్నమాట. (ఆ మలయాళం సినిమాలోనే ఇంకో పాట ఆహిరి రాగంలో ఉంది. ఆహిరి పాడితే ఆ రోజు తిండి దొరకదని పాత నమ్మకం. మన మెస్‌లో ఎవరూ పాడకండి, ఎందుకైనా మంచిది.)

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన ఆరో తరగతి తమ్ముడొకడు, పేరు రాయను, పోయిన వారం పండుకునేటప్పుడు ముసుగులో ఏదో రాగం తీస్తున్నాడు. పక్క మంచాల వాళ్ళు "దయ్యం పాట, దయ్యం పాట" అని లేచి ఉరికినంత పని చేశారు. తెల్లారి నుండి వాని పేరే పశుపతి అయింది. వాడు పాడింది సినిమా పాట కాదు. ఢావ్లో. వాళ్ళ అక్క పెండ్లిలో విన్నది. తండాలో పెండ్లిపిల్ల అత్తగారింటికి పోయే ముందు ఒక్కొక్కరి మెడ పట్టుకొని ఏడుస్తూ పాడుతుంది. యాడిని పట్టుకొని పాడుతుంది, అన్నను పట్టుకొని పాడుతుంది. ఆ పాట ఏడుపో రాగమో చెప్పలేం. పెద్దవాళ్ళు ముందునుంచే నేర్పుతారు. బాధ కలిగించే విషయం ఏమిటంటే, వాణ్ణి ఆటపట్టించిన వాళ్ళలో సగం మంది తండా పిల్లలే. వాళ్ళ యాడి కూడా ఈ పాట పాడే వచ్చింది. సినిమా చెవులతో విని సొంత ఇంటి పాటను గుర్తుపట్టలేదు. వాడు ఇప్పుడు పాడతలేడు. మాట్లాడుడు కూడా తక్కువ చేసిండు. ఇంటికి పోత అని రెండుసార్లు పెట్టె సర్దుకున్నాడు.

తమ్ముళ్ళారా, ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ళ జమిడిక విన్నారు గదా. తీగను బిగించి వదులుతుంటే చప్పుడు పైకి పోయి కిందికి జారుతుంది, మనిషి మూలిగినట్టే ఉంటుంది. అదే చప్పుడు సినిమాలో పెడితే పెద్దలు కూడా కుర్చీ పట్టుకుంటారు. పండుగ నాడు మాత్రం చంటిపిల్లలు దాని పక్కనే నిద్రపోతారు. ఎందుకంటే ఎవరు వాయిస్తున్నారో, ఎవరి కోసమో వాళ్ళ అమ్మలకు తెలుసు.

ఇది పిల్లల ఆట అని కొట్టిపారేయొద్దు. చేతబడి, బాణామతి అనే అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు పేపర్లో చూస్తున్నాం. ముసలామె రాత్రి ఒంటరిగా కూనిరాగం తీస్తే అనుమానపడే చెవిని మనం ఇక్కడ హాస్టల్‌లో తయారు చేయొద్దు.

వార్డెన్ సార్లను వినయంగా కోరేది ఏమంటే, శనివారం సినిమా ఆపకండి. చంద్రముఖి వేయండి. రిమోట్ నాకు ఇస్తే ఆ పాట కాడ ఒకసారి సౌండ్ తీసి, ఒకసారి పెట్టి చూపిస్తాను. చిన్న తమ్ముళ్ళు ముందు వరుసలో కూర్చోవాలి. లైట్లు ఆర్పినంక భయపెట్టే అన్నలకు వారం రోజులు మెస్ గిన్నెల డ్యూటీ వేయాలి, అందులో నా దోస్తులున్నా సరే. తల్లిదండ్రులు చూడవచ్చే ఆదివారం నాడు, ఎవరి యాడి అయినా ఒప్పుకుంటే, చెట్టు కింద కూర్చోబెట్టి ఢావ్లో పాడించుకుందాం. గోర్‌బోలి రానివాళ్ళకు అర్థం నేను చెప్తాను, నాకు రానికాడ ఆ ఆరో తరగతి తమ్ముడు చెప్తాడు. వాడికి నాకంటే ఎక్కువ వచ్చు.