సింహాసనం దిగిన పైథాన్ రాజు

పిల్లలూ, పైథాన్ అంటే ఇక్కడ పాము కాదు. కంప్యూటరుకు పనులు చెప్పే ఒక భాష. నెదర్లాండ్స్ దేశస్థుడు గీడో వాన్ రోసమ్ 1989లో క్రిస్మస్ సెలవుల్లో దీన్ని రాయటం మొదలుపెట్టాడు. దీని లోపలి రాతంతా అందరిదీ. ఎవరైనా మార్పులు సూచించవచ్చు. కాని తగవు వస్తే గీడో మాటే తీర్పు. అందుకే ఆయనను వేళాకోళంగా "యావజ్జీవ దయామయ నియంత" అనేవారు.

2018లో ఒక కొత్త గుర్తు మీద పెద్ద రగడ లేచింది. రెండు చుక్కలూ, పక్కన సమానం గుర్తూ—అంతే! గీడో దాన్ని చేర్చాలనే తీర్పిచ్చాడు. కాని మాటలు పడి విసిగిపోయి, జులై 12న పదవి వదిలేశాడు. వారసుడెవరో చెప్పలేదు, మీరే తేల్చుకోండన్నాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. పాలన ఎలా ఉండాలో ఓటుతో తేల్చుకుందామంటే, ఆ ఓటు ఎలా వెయ్యాలో ఎవరు తేల్చాలి? నెలల తరబడి తర్జనభర్జన పడ్డారు. ఏడు పద్ధతులు పోటీకి వచ్చాయి. మళ్ళీ ఒక్కరికే పెత్తనం ఇద్దామన్నది వాటిలో ఒకటి. భాషను చూసుకునే ముఖ్య కార్యకర్తలు ఓట్లు వేశారు. డిసెంబరులో ఐదుగురి మండలి పద్ధతి నెగ్గింది. మండలిలో ఒకే కంపెనీవాళ్ళు ఇద్దరికి మించరాదు. మూడింట రెండు వంతుల ఓట్లు వద్దంటే దిగిపోవలసిందే.

2019లో తొలి మండలికి ఎన్నిక జరిగింది. నెగ్గిన ఐదుగురిలో గీడో కూడా ఉన్నాడు! కాని ఇప్పుడాయనది ఐదింట ఒక్క ఓటే. మరుసటి ఎన్నికలో ఆయన పోటీనుంచి తప్పుకున్నాడు.