పేరులో మత్తు ఉన్న ప్రతి కోర్సూ అమెరికా దారి కాదు



బైపీసీ అయిపోయిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ మధ్య ఒకటే అడుగుతున్నరు. "అమెరికాలో నర్సులే ఆపరేషన్‌కు మత్తు ఇస్తరంట, జీతం మస్తుగ ఉంటదంట. ఇక్కడ బీఎస్సీ అనస్థీషియా చేసి ఆ స్కూలుకు అప్లై చేయొచ్చా?" ఆర్మూర్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న మేము కొందరం దీని మీద కూర్చొని మాట్లాడుకున్నం. మా మాట ముందే చెప్తున్నం: చేయలేం. ఆ స్కూలుకు పోవాలంటే ముందు నర్సు కావాలె. పేరు చూసి కోర్సు ఎంచుకుంటే నాలుగేండ్ల తర్వాత తెలుస్తది, తలుపు వేరే దిక్కు ఉన్నదని.

ముందు ఎవరి పని ఏందో చూద్దాం. మన దేశంలో మత్తు ఇచ్చే బాధ్యత డాక్టర్‌ది. ఆయన పక్కన ఉండి మిషన్ చెక్ చేసి, ట్యూబులు, మందులు, మానిటర్ తయారుగ పెట్టేది అనస్థీషియా టెక్నాలజిస్టు. బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ ఈ పని నేర్పుతది. నర్సు సొంతంగ మత్తు ఇచ్చే ఉద్యోగానికి మన దగ్గర ప్రత్యేక గుర్తింపు లేదు. అమెరికాలో ఉన్నది, దాన్ని సీఆర్ఎన్ఏ అంటరు. అందులో చేరాలంటే నర్సింగ్ డిగ్రీ, అక్కడి నర్సు లైసెన్సు, ఐసీయూలో కనీసం ఒక సంవత్సరం నర్సుగ పని, ఈ మూడూ ఉండాలె. ఆ తర్వాత మూడేండ్ల చదువు. 2022 జనవరి నుంచి కొత్తగ చేరేవాళ్ళందరికీ అది డాక్టరేట్ స్థాయి చదువే. లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయాలె. దాన్ని నర్సింగ్ చదివినవాళ్ళే రాయగలరు, టెక్నాలజీ డిగ్రీతో రాయలేరు.

ఈ మాట మన ఆర్మూర్ దిక్కోళ్ళకు తొందరగ అర్థమైతది. ఇక్కడి ఊర్లు, తండాల నుంచి గల్ఫ్ పోయినోళ్ళను ఎంతమందిని చూసినం? వీసా మీద ఒక పని, అక్కడ దిగినంక ఇంకో పని. ఏజెంటు నోటితో చెప్పింది కాదు, కాగితం మీద ఏమున్నదో చదువుమని మన పెద్దోళ్ళు దెబ్బలు తిని నేర్చుకున్నరు. కోర్సుల విషయంలో కూడా గదే. "ఇది చేస్తే మత్తు డాక్టర్ లెక్కనే" అని ఎవరన్నా చెప్తే ఒక్కటే అడుగుండి: ఈ డిగ్రీ అయినంక నా పేరు ఏ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయితది? నర్సింగ్ అయితే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో కావాలె. అది కాదంటే అమెరికా నర్సు మాట అక్కడితో అయిపోయినట్టే.

టెక్నాలజిస్టు పని తక్కువ అని మేము అంటలేము. ఆపరేషన్ నడిచేటప్పుడు మిషన్‌లో ఆక్సిజన్ సరిగ్గ వస్తుందా లేదా అని కనిపెట్టేవాళ్ళు లేకుంటే ఏ డాక్టరూ ముందుకు పోలేడు. 2021లో పార్లమెంటు చేసిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టంలో ఈ పనివాళ్ళకు కూడా చోటు ఇచ్చిండ్రు. ఇంటికి దగ్గర్లో, తొందరగ పని కావాలనుకునేటోళ్ళకు అది మంచిదే కావొచ్చు. తెలిసి ఎంచుకుంటే మేము చప్పట్లు కొడతం. తెలియక అందులో పడొద్దు అన్నదే మా బాధ.

నర్సింగ్ ఎందుకంటే, ఒక తలుపు మూసుకపోయినా నాలుగు తలుపులు ఉంటయి. సర్కారు నర్సింగ్ ఆఫీసర్ పోస్టులున్నయి. ఆపరేషన్ థియేటర్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉన్నది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రెండేండ్లది, బీఎస్సీ నర్సింగ్ చేసి అనుభవం ఉన్నోళ్ళకు. అమెరికా కల నిజం కాకున్నా చేతిలో పని ఉంటది. ఈ మధ్య సంవత్సరాల్లో మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా నర్సింగ్ సీటుకు ఈఏపీసెట్ ర్యాంకు అడుగుతున్నరు. ఇంటర్ మార్కులు చాలని ఆ పరీక్ష రాయకుండ ఊకున్నోళ్ళు ఆ సీటుకు దూరమైతున్నరు. వచ్చే యేడు రాసేటోళ్ళు ఇది మరువొద్దు. ఎస్టీ రిజర్వేషన్ మన రాష్ట్రంలో 2022లో 6 నుంచి 10 శాతం అయింది. దాన్ని వాడుకోవాలంటే కాలేజీ గుర్తింపు చూసుకోవాలె, కుల ధ్రువీకరణ, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు నోటిఫికేషన్ రాకముందే చేతిలో ఉంచుకోవాలె.

పైసల సంగతి కూడా దాచుకోకుండ చెప్పుకుందాం. సీఆర్ఎన్ఏ చదువుకు లక్ష డాలర్లు దాటే స్కూళ్ళు చాలా ఉన్నయి, చదివేటప్పుడు ఉద్యోగం చేసుడు దాదాపు కుదరదు. మన అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల రూపాయలు. కేంద్రం ఎస్టీలకు ఇచ్చే విదేశీ స్కాలర్‌షిప్పులు దేశం మొత్తానికి యేడాదికి 20. అందుకే మెట్టు మెట్టు ఎక్కాలె. ముందు ఇక్కడ నర్సు, తర్వాత ఐసీయూ, ఎన్‌క్లెక్స్, అక్కడ నర్సు ఉద్యోగం, ఆ జీతంతో స్కూలు. ఇంటర్ నుంచి లెక్కేస్తే పదేండ్ల పైమాటే. అమ్మానాయినలకు ఇది ముందే చెప్పాలె.

ఇక ఇంటర్వ్యూ. ఇక్కడ నర్సింగ్ సీటుకు ఇంటర్వ్యూ లేదు, వెబ్ ఆప్షన్లే. కానీ ఆ స్కూళ్ళలో ముగ్గురు నలుగురు ఎదురుంగ కూర్చొని అడుగుతరు. బీపీ పడిపోతే మొదట ఏం చూస్తవు? నువ్వు చూసిన కష్టమైన పేషెంటు గురించి చెప్పు. పెద్ద డాక్టర్ తప్పు డోసు చెప్తే ఏం చేస్తవు? మొదటి రెండూ చదివి నేర్చుకోవచ్చు. మూడోది మనకు కష్టం. ఆశ్రమ పాఠశాల నుంచి హాస్టల్ దాకా మనకు నేర్పిన మొదటి మర్యాద ఎదురు మాట్లాడకపోవుడు. తల వంచుకొని "సరే సార్" అంటే మంచి పిల్ల, మంచి పిలగాడు. కానీ మత్తులో ఉన్న మనిషి తన కోసం తాను మాట్లాడలేడు. పక్కనున్న నర్సు కూడా సప్పుడు చేయకుంటే ప్రాణం పోవచ్చు. అందుకే గా ప్రశ్న అడుగుతరు. "సార్, ఒక్కసారి ఆగుండి, డోసు మళ్ళ చూద్దాం" అనే మాట ముప్పై యేండ్లకు అమెరికాలో ఒక్కరోజులో రాదు. ఇరవై యేండ్లకు ఇక్కడే అలవాటు కావాలె.

"గంత దూరం మనమెందుకు?" అనేటోళ్ళకు రెండు పేర్లు. అమెరికాలో ఆలిస్ మగా ఒక నర్సు. 14 వేలకు పైగ మత్తు కేసుల గురించి 1906లో వ్యాసం రాసింది, అందులో మత్తు వల్ల ఒక్క చావు లేదు. మన హైదరాబాద్‌లో రూపాబాయి ఫర్దూన్‌జీ 1880లలోనే వైద్యం చదివి, క్లోరోఫామ్ ఇచ్చే డాక్టర్ అయింది. ఆడవాళ్ళు చదువుడే అరుదైన రోజులవి. ఇద్దరికీ దారి ఇచ్చింది శిక్షణ.

మన దగ్గర పుస్తకంలో లేనిది ఒకటున్నది. ఆపరేషన్‌కు ముందు గట్టి తిండి కనీసం ఆరు గంటలు ఆపాలె. కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. "ఏం తినొద్దు" అని తెలుగులో చెప్తే, మా తండా అవ్వ అన్నం మానేసి పాలు పోసిన చాయ్ తాగుతది, ఆమె లెక్కలో చాయ్ తిండి కాదు. సారా అలవాటు, పొగాకు అలవాటు కొత్త మనిషికి చెప్పదు. అదే లంబాడీలోనో, గోండిలోనో మన పిల్ల అడిగితే చెప్తది. ఇంటర్వ్యూలో "ఈ పనికి నువ్వే ఎందుకు?" అంటే మనకు జవాబు ఉన్నది.

అందుకని ఈ గ్రూపుకు మా విన్నపం రెండే. నర్సింగ్ చేస్తున్న అక్కలు, అన్నలు, ఐసీయూలో పనిచేస్తున్నోళ్ళు ఆదివారం ఒక గంట ఫోన్‌లో మాకు మాక్ ఇంటర్వ్యూ పెట్టండి. తెలుగులోనైనా సరే, గట్టిగ అడుగుండి, మేము గట్టిగ జవాబు చెప్పుడు నేర్చుకుంటం. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వెబ్ ఆప్షన్ పెట్టేముందు కోర్సు పేరు, కాలేజీ పేరు కింద రాయండి. తెలిసినోళ్ళం చూసి చెప్తం. మా మాటలో తేడా ఉంటే అది కూడా రాయండి. ఎదురు మాట్లాడుడు ఇక్కడి నుంచే మొదలు పెడదాం.