నిల్వలపై ఆశ ప్రమాదకరం

రూపాయి విలువను కాపాడవలసిన రిజర్వు బ్యాంకు క్రమంగా కేంద్ర బడ్జెట్‌కు పెద్ద ఆదాయవనరుగా మారుతోంది. 2022-23కు గాను రూ.87,416 కోట్లుగా ఉన్న మిగులు బదిలీ 2023-24కు రూ.2,10,874 కోట్లకు, 2024-25కు రూ.2,68,590 కోట్లకు చేరింది. మిగులును కేంద్రానికి చెల్లించడం చట్టబద్ధమే. అయితే దానిపై ఆధారపడటం అలవాటుగా మారితే ముప్పు తప్పదు.

రిజర్వు బ్యాంకు ఏర్పాటుకు హిల్టన్ యంగ్ కమిషన్ 1926లో చేసిన సిఫార్సు 1934లో చట్టరూపం దాల్చింది. 1935 ఏప్రిల్ 1న బ్యాంకు పని ప్రారంభించింది. రూ.5 కోట్ల మూలధనంలో దాదాపు అంతా ప్రైవేటు వాటాదారులదే. స్వాతంత్ర్యానంతరం, రూ.100 వాటాకు రూ.118, పది అణాల చొప్పున పరిహారమిచ్చి 1949 జనవరి 1న దాన్ని జాతీయం చేశారు. దేశ ద్రవ్యాధికారం కొద్దిమంది వాటాదారుల చేతిలో ఉండరాదన్న ఆ నిర్ణయం సముచితమైనది. కానీ ప్రజల ఆస్తి అంటే అధికారంలో ఉన్న ప్రభుత్వం ఇష్టానుసారం వాడుకోదగిన సొమ్మని అర్థం కాదు.

ఈ భేదాన్ని విస్మరించిన ఫలితం దేశం చవిచూసింది. 1955 నుంచి కేంద్రం నగదు నిల్వ నిర్ణీత కనిష్ఠానికి దిగువకు పడిపోగానే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులనే స్వల్పకాలిక రుణపత్రాలు వాటంతటవే జారీ అయ్యేవి. ఆ మేరకు బ్యాంకు కొత్త డబ్బును జమచేసేది. 1974 నుంచి వాటిపై వడ్డీ 4.6 శాతమే. తాత్కాలికమన్న ఏర్పాటు శాశ్వతమై, లోటుకు అడ్డూ అదుపూ లేకుండా పోయింది. 1997లో గానీ దానికి తెరపడలేదు.

నేటి మార్గం వేరు, ప్రలోభం మాత్రం అదే. రూపాయి బలహీనపడినప్పుడు, గతంలో చౌకగా కొన్న డాలర్లను అమ్మితే బ్యాంకుకు లాభం వచ్చి మిగులు పెరుగుతుంది. ఇది ఏటా వచ్చే స్థిరాదాయం కాదు. నష్టాలను తట్టుకునే నిధిని 2024-25లో ఆస్తిఅప్పుల పట్టీలో 7.5 శాతానికి పెంచడం హర్షణీయం. అదే సమయంలో ఆ నిధి కనిష్ఠ పరిమితిని 5.5 నుంచి 4.5 శాతానికి తగ్గించడం మాత్రం ఆందోళనకరం. రేపటి ఒత్తిడికి అది తలుపు తెరిచి ఉంచుతోంది. నిల్వలు కరిగిన వేళ సంక్షోభం వస్తే బ్యాంకుపై నమ్మకం సడలుతుంది, ధరలు అదుపు తప్పుతాయి. ఆ భారం ముందుగా మోసేది దినసరి కూలీలు, పింఛనుదారులు, చిన్న పొదుపుదారులే.

కార్యనిర్వాహక వర్గం ఈ మిగులును నిత్య వ్యయాలకు వాడకుండా అప్పుల తగ్గింపునకు, శాశ్వత ఆస్తుల కల్పనకు మళ్లించాలి. బదిలీ సూత్రంలో చేసే ప్రతి సవరణపై చట్టసభలు బహిరంగంగా చర్చించాలి. ద్రవ్యాధికారులు ఒత్తిళ్లకు లొంగక తమ లెక్కలను ప్రజల ముందుంచాలి. ఆపద వేళ దేశాన్ని ఆదుకోవలసిన నిధిని నేటి లోటు పూడ్చడానికి ఖర్చుచేసే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.