వెనక చక్రమే వెన్నుదన్ను

మోటార్‌సైకిల్ కొనడానికి షోరూముకు వెళ్లినవారు ముందుగా అడిగేది లీటరుకు ఎంత ఇస్తుందని. ఆ తర్వాత ధర, వాయిదాలు. వెనక చక్రానికి అటూ ఇటూ నిలబడి ఉండే రెండు స్ప్రింగుల సంగతి అడిగేవారు అరుదు. నాలుగైదేళ్లు గడిచాక స్పీడు బ్రేకరు దాటినప్పుడల్లా కింద నుంచి ‘టక్’మనే చప్పుడు, వెనక కూర్చున్నవారి నోటి నుంచి ‘అబ్బా’ అనే మూలుగు మొదలవుతాయి. అప్పుడు గానీ అవి గుర్తుకురావు. మెకానిక్ షెడ్డులో తీర్పు కూడా క్షణాల్లో వచ్చేస్తుంది: షాకబ్జార్బర్లు పోయాయి, కొత్త జత వేయాలి.

నిజానికి పోయిందేమిటి? చాలాసార్లు స్ప్రింగు నిక్షేపంగానే ఉంటుంది. దాని పని బరువు మోయడం, గుంత కొట్టిన దెబ్బను మింగడం. అయితే మింగినదాన్ని అది వెంటనే కక్కేస్తుంది కూడా. ఆ కక్కుడుకు పగ్గం వేసేది స్ప్రింగు మధ్యలో దాగి ఉన్న డ్యాంపరు. అదొక నూనె గొట్టం. అందులో సన్నని రంధ్రాలున్న పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంది. ఆ రంధ్రాల గుండా నూనె ఒత్తుకుంటూ పోయేటప్పుడు స్ప్రింగు ఊపు వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద చాలాదూరం నడిపిన బండి షాకబ్జార్బరును తాకితే వెచ్చగా ఉండేది అందుకే. నూనె కారిపోయాక మిగిలేది ఒట్టి స్ప్రింగు. అది బండిని పిల్లల ఉయ్యాలలా ఊపుతుంది.

ఇదంతా నడుం నొప్పి వ్యవహారమైతే పంటి బిగువున భరించవచ్చు. కానీ ఊగే చక్రం నేలను వదిలేస్తుంది. నేలను తాకని టైరుకు పట్టు ఉండదు. అలాంటి క్షణంలో బ్రేకు వేస్తే బండి జారుతుంది. 125 సీసీ దాటిన బైకులన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అయితే గాల్లో ఉన్న చక్రానికి ఏ ఎలక్ట్రానిక్ పెట్టె కూడా పట్టు తెచ్చిపెట్టలేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. 2013-17 మధ్య గుంతల వల్లే దాదాపు 15 వేల మంది ప్రాణాలు పోయాయని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆందోళన వ్యక్తం చేసింది. రోడ్డు బాగుచేయడం వాహనదారుడి చేతిలో లేదు. ఆ రోడ్డుకూ తన వెన్నుకూ మధ్య ఉన్న ఆ జానెడు కదలికను బాగుచేసుకోవడం మాత్రం అతని చేతిలోనే ఉంది.

మోటార్‌సైకిల్ చరిత్రలో ఈ కదలిక కాస్త ఆలస్యంగానే వచ్చింది. వెనక చక్రాన్ని నేరుగా ఫ్రేముకు బిగించి, సీటు కింద మాత్రం స్ప్రింగులు పెట్టిన బళ్లే చాలాకాలం నడిచాయి. 1948లో బ్రిటన్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ తన బుల్లెట్ నమూనాకు స్వింగ్ ఆర్మ్, నూనె డ్యాంపర్లు అమర్చి పోటీలకు పంపినప్పుడు అది వింతే. 1955లో మద్రాసుకు వచ్చిన బుల్లెట్ ఆ ఏర్పాటుతోనే మన రోడ్లెక్కింది. బెల్జియంకు చెందిన ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ రెండు షాకబ్జార్బర్లకు బదులు ఒక్కటే పెట్టే పద్ధతి రూపొందించగా యమహా దాన్ని అందిపుచ్చుకుంది. ఆ ఏర్పాటుతో 1973లో 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ టైటిల్‌ను గెలుచుకుంది. మన దేశంలో 2004లో హోండా యూనికార్న్‌తో ఈ ‘మోనోషాక్’ మామూలు ఉద్యోగి బండికీ చేరింది.

పరీక్షకు పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. బండిని స్టాండు మీద నుంచి దించి, నిటారుగా పట్టుకుని, సీటు వెనక భాగాన్ని గట్టిగా నొక్కి వదలాలి. ఒక్కసారి లేచి కుదురుకుంటే డ్యాంపరు బతికి ఉన్నట్టు. రెండు మూడు సార్లు ఊగితే ఆయువు తీరినట్టు. రాడ్డు చుట్టూ తడి, దానికి అంటుకున్న నల్లటి మట్టి కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు, ఆయిల్ సీలు పోయింది.

మరమ్మతు అసలు పరీక్ష కూడా ఇక్కడే మొదలవుతుంది. సీలు ఊరికే పోదు. వాన నీరు, దుమ్ము కలిసి రాడ్డు మీది క్రోము పూతను తినేస్తాయి. ఆ తుప్పు గుంటలు ఆకురాయిలా సీలును కోసేస్తుంటాయి. రాడ్డును పట్టించుకోకుండా సీలు మాత్రం మారిస్తే నెల తిరక్కుండానే నూనె మళ్లీ కారుతుంది. మంచి మెకానిక్ గోటితో రాడ్డును తడిమి చూస్తాడు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే రాడ్డూ మార్చాల్సిందే. స్ప్రింగును విప్పేటప్పుడు దాన్ని నొక్కిపట్టే పరికరం తప్పనిసరి. బిగువు మీదున్న స్ప్రింగు చేయి జారితే దవడ పగలగొట్టగలదు.

రెండో పొరపాటు నూనె. డబ్బాలో మిగిలిన ఇంజన్ ఆయిల్ పోసి బిగించడం చాలాచోట్ల అలవాటు. డ్యాంపరుకు ఉద్దేశించిన నూనె దానికన్నా బాగా పలచన. చిక్కటి నూనె పోస్తే మొదట్లో బండి గట్టిగా, కుదురుగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ వరసగా నాలుగు గుంతలు తగిలితే స్ప్రింగు తిరిగి సాగడానికి వ్యవధి దొరకదు. ఒక్కో గుంతకూ మరికాస్త కుంగి, చివరి గుంత దగ్గర దెబ్బ నేరుగా నడుముకు చేరుతుంది. నూనె పోశాక రాడ్డును నెమ్మదిగా ఆడిస్తూ గాలి బుడగలన్నీ బయటికి పోనివ్వాలి. గాలి మిగిలితే ఆ మేరకు రాడ్డు అడ్డూ ఆపూ లేకుండా కదులుతుంది.

గ్యాస్ నింపిన షాకబ్జార్బర్ల సంగతి వేరు. నూనె నురుగెత్తకుండా వాటిలో అధిక పీడనంతో నైట్రోజన్ నింపుతారు. నైట్రోజన్ ఎందుకంటే అందులో తేమ ఉండదు, వేడెక్కిన నూనెతో కలిసి చెడిపోదు. అలాంటిదాన్ని గ్యాస్ వదలకుండా విప్పడం ప్రాణాలతో చెలగాటం. తిరిగి నింపే సౌకర్యం లేని షెడ్డులో దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. జంట షాకబ్జార్బర్లున్న బండికి ఒకవైపు మాత్రమే మార్చడం కూడా పనికిరాదు. రెండూ రెండు రకాలుగా కదిలితే స్వింగ్ ఆర్మ్ మెలి తిరుగుతుంది. ఎలాగూ విప్పారు గనక స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, మోనోషాక్ లింకుల బేరింగులు చూసి గ్రీజు పెట్టించుకోవాలి. సర్వీసింగులో జోరుగా కొట్టే నీటి ధార ఆ గ్రీజును ఎప్పుడో కడిగేసి ఉంటుంది.

బాగుచేసింది ఒంటికి సరిపడేలా సర్దుకోవడం మిగిలిన సగం పని. దీనికి కావలసినవి ఒక టేపు, ఇద్దరు సాయం. చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి సీటు కింద గుర్తు పెట్టిన చోటుకు కొలవాలి. బండి నడిపే మనిషి కూర్చున్నాక మళ్లీ కొలవాలి. తేడా, చక్రం మొత్తం కదలికలో సుమారు 30 శాతం ఉండాలి. కదలిక 100 మిల్లీమీటర్లయితే 30 మిల్లీమీటర్ల కుంగుబాటు సరైన లెక్క. మరీ తక్కువైతే చక్రం గుంతలోకి దిగలేక గాల్లో తేలుతుంది. ఎక్కువైతే అడుగంటుతుంది.

మన దేశంలో చిక్కు అంతా ఈ లెక్క దగ్గరే. 100 సీసీ బండి బరువు సుమారు 110 కిలోలు. భార్యాభర్తలు, ఒక బిడ్డ, సంచెడు బియ్యం ఎక్కితే సవారీ వాహనాన్ని మించిపోతుంది. ఆ బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే. ఒక్కరు కూర్చుంటే 30 మిల్లీమీటర్లు కుంగిన బండి అప్పుడు 60 కుంగిందనుకుంటే, మిగిలింది 40. 50 మిల్లీమీటర్ల దెబ్బ వస్తే చివరి 10 మిల్లీమీటర్లను మోయాల్సింది వెన్నుపూసలే. తోక కుంగిన బండికి ముందు చక్రం తేలికై హ్యాండిల్ పట్టు తప్పుతుంది. హెడ్‌లైట్ పైకి లేచి ఎదుటివారి కళ్లలో కొడుతుంది.

దీనికి విరుగుడు చాలా బళ్ల మీదే ఉంది. స్ప్రింగు అడుగున మెట్లుమెట్లుగా కనిపించే పట్టీని కొక్కెం పానాతో తిప్పవచ్చు. తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందన్నది అపోహ. దాని స్వభావం మారదు. ముందుగానే కొంత నొక్కినందువల్ల బండి మునుపటి ఎత్తులో నిలబడుతుంది, అంతే. ఒంటరిగా వెళ్లేటప్పుడు కింది మెట్లు, సకుటుంబంగా వెళ్లేటప్పుడు పై మెట్లు. రెండువైపులా ఒకే మెట్టు ఉండాలి. చివరి మెట్టు దాకా తిప్పినా బండి కుంగుతుంటే ఆ స్ప్రింగు ఆ బరువుకు సరిపోదని అర్థం. అప్పుడు మార్చాల్సింది స్ప్రింగునే. కొన్న రోజు ఏ మెట్టు మీద ఉందో అమ్మేరోజూ అదే మెట్టు మీద ఉన్న బళ్లు వీధికి పది కనిపిస్తాయి.

ఇందులో తప్పంతా వాహనదారుడిది కాదు. మామూలు బళ్ల డ్యాంపర్లను మూత నొక్కి మూసేస్తున్నారు. విప్పడానికి నట్టు ఉండదు, బజారులో సీలు దొరకదు. పది గ్రాముల రబ్బరు అరిగితే కిలోల కొద్దీ ఇనుము పారేయాలి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ‘మరమ్మతు హక్కు’పై కమిటీ వేసినప్పుడు సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలతోపాటు ఆటోమొబైళ్లనూ చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. విప్పడానికి వీలున్న డ్యాంపరు, విడిగా దొరికే సీలు, ఏ బరువుకు ఏ మెట్టో తెలుగులో చెప్పే ఒక్క కాగితం. కంపెనీలు ఈ మూడూ ఇస్తే ఆ హక్కు కాగితం మీద నుంచి వెనక చక్రం దాకా వచ్చినట్టే. అంతవరకూ పండక్కి ఊరెళ్లే ముందు టైర్లలో గాలి చూసుకునేవారు, పనిలో పనిగా ఆ పట్టీని రెండు మెట్లు పైకి తిప్పుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.