దూదికి దూది చుట్టమేనా?

పోయిన ఆదివారం మా ఇంట్లో దిండు చిరిగింది. ఇలవం పంజు, అదే మన బూరుగు దూది, ఫ్యాను గాలికి లేచి ఇల్లంతా పరుచుకుంది. కాలేజీలో బాటనీ చదివే మనవరాలు చీపురు పట్టుకుని, "తాతా, ఇదీ పత్తీ ఒకే కుటుంబం, తెలుసా?" అంది.

నాకు నవ్వొచ్చింది. పెరంబూరులో మిల్లు నడిచినన్నాళ్లూ స్పిన్నింగులో నిలబడినవాణ్ణి, నాకు దూది నేర్పుతుందా! "పోవే. దీనికి మెలి నిలవదు, వేళ్లలో జారిపోతుంది. నూలుకి పనికిరానిది పత్తికి చుట్టమెలా అవుతుంది?" అన్నాను.

నేను చెప్పిన తేడా నిజమేనట. పత్తిపోగు గింజ తోలు మీద మొలుస్తుంది. ఎండాక రిబ్బనులా చదునై, తనంతట తానే మెలికలు తిరుగుతుంది. అందుకే పోగూ పోగూ పట్టుకుంటాయి. బూరుగుపోగు పుట్టేది కాయ లోపలి గోడ మీద. లోపల బోలు, పైన మైనంలాంటి నునుపు. ఇంక పట్టెక్కడిది? శాస్త్రవేత్తలు కూడా పువ్వులో, పుప్పొడిలో తేడాలు చూసి బూరుగును చాలాకాలం వేరే కుటుంబంగానే ఉంచారు.

స్వీడన్ దేశపు లినేయస్ 1753లో మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టినప్పుడు ముఖ్యంగా కేసరాలు చూసి వర్గాలు కట్టాడు. మందారం మధ్యలో గొట్టం, దాని చుట్టూ పసుపు రవ్వలు ఉంటాయే, అవే. పత్తి, గోంగూర, బెండ పువ్వుల్లోనూ ఆ గొట్టం ఉంటుంది, విప్పి చూడండి. బెండను ఆయన మందారం జట్టులోనే రాశాడు. తర్వాతివాళ్లు దానికి వేరు కాపురం పెట్టించారు.

ఇప్పుడు డీఎన్‌ఏ చూస్తున్నారు. 1998లో ఒక శాస్త్రవేత్తల బృందం ఆ ఆధారంతో పూలమొక్కల పట్టీని తిరగరాసి, బూరుగును పత్తి కుటుంబంలో కలిపేసింది. కోకో చెట్టునూ కలిపింది. అంటే చాక్లెట్టుకీ గోంగూర పచ్చడికీ చుట్టరికం! మా ఇంటావిడ ఇది ఇప్పటికీ నమ్మడం లేదు.

దీపం వత్తులకు ఉంచిన పత్తి తెచ్చి, పోగు లాగి మెలి వేసి చూపించాను. బూరుగుతో మనవరాలు తనే ప్రయత్నించింది. తెగింది. మళ్లీ తెగింది. "ఎందుకు తెగుతుందో రికార్డులో రాసుకుంటా, నిదానంగా చెప్పు తాతా" అంది.

మిల్లు మూతపడ్డాక ఆ పని గురించి నన్నెవరూ అడగలేదు. కూర్చోబెట్టి చెప్పాను. దిండు ఇంకా కుట్టలేదు.